పొలం నుంచి ఎటు? భారతదేశంలో మారుతున్న ఉపాధి, వ్యవసాయం పాత్ర



ఈ పాఠాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మన దేశంలో పనిచేసే వాళ్లందరినీ వంద మందిగా, దేశం ఒక ఏడాదిలో సంపాదించే ఆదాయాన్ని వంద రూపాయలుగా అనుకోండి. 2023-24 నాటి అధికారిక గణాంకాల ప్రకారం ఆ వంద మందిలో సుమారు 46 మంది వ్యవసాయం, పశుపోషణ, చేపల పెంపకం వంటి పనుల్లో ఉన్నారు. వంద రూపాయల్లో ఆ పనుల నుంచి వచ్చేది దాదాపు 18 రూపాయలు. మిగిలిన 54 మంది పనుల నుంచి 82 రూపాయలు వస్తున్నాయి. ఇప్పుడు భాగించి చూడండి. సేద్యంలో ఉన్న ఒక్కొక్కరికి 40 పైసల లోపు, ఇతర పనుల్లో ఉన్న ఒక్కొక్కరికి రూపాయిన్నర. తేడా దాదాపు నాలుగు రెట్లు.

ఇదే లెక్కను 1951కి వేద్దాం. అప్పుడు వంద మందిలో 70 మంది వ్యవసాయంలో ఉన్నారు. వంద రూపాయల్లో సగానికి కాస్త పైగా సేద్యం నుంచే వచ్చేది. ఒక్కొక్కరి వాటా తీస్తే సేద్యానికి, ఇతర పనులకు మధ్య తేడా సుమారు రెండు రెట్లు మాత్రమే.

ఇవి సగటులు. వందెకరాల ఆసామీ, కూలికి పోయే మనిషీ ఈ సగటులో ఒకే వరుసలో నిలబడతారు. అయినా ఈ రెండు లెక్కలు ఒక ముఖ్యమైన సంగతి చెబుతున్నాయి. ఏడు దశాబ్దాల్లో దేశ ఆదాయం పొలం నుంచి వేగంగా బయటికి వెళ్లింది. మనుషులు అంత వేగంగా వెళ్లలేకపోయారు. ఎందుకని? ఈ పాఠంలో మనం వెతికే జవాబు ఇదే.

సిద్ధాంతం ఏమంటుంది?

ఆర్థిక కార్యకలాపాలను మూడు రంగాలుగా విభజిస్తారని మీరు చదివే ఉంటారు. సేద్యం, పశుపోషణ, చేపల వేట వంటివి ప్రాథమిక రంగం. ముడిసరుకును వస్తువుగా మార్చే పరిశ్రమలు ద్వితీయ రంగం. వ్యాపారం, రవాణా, విద్య, వైద్యం, బ్యాంకులు వంటి సేవలు తృతీయ రంగం. 1935లో అలన్ ఫిషర్, 1940లో కొలిన్ క్లార్క్ అనే ఆర్థికవేత్తలు వివిధ దేశాల అనుభవాన్ని పరిశీలించి ఒక క్రమాన్ని గుర్తించారు. తలసరి ఆదాయం పెరిగే కొద్దీ శ్రామికులు మొదటి రంగం నుంచి రెండో రంగానికి, ఆపైన మూడో రంగానికి మారుతూ ఉంటారు. దీనికి ఒక కారణం మన ఇంట్లోనే కనిపిస్తుంది. జీతం రెండింతలైందని ఎవరూ రెండింతల అన్నం తినరు. పెరిగిన డబ్బు బట్టలకు, బండికి, చదువుకు, వైద్యానికి వెళుతుంది. కనుక మొత్తం ఆదాయంలో వ్యవసాయం వాటా తగ్గడం సహజమే. అది వైఫల్యానికి గుర్తు కాదు.

కరేబియన్ ద్వీపమైన సెయింట్ లూసియాలో పుట్టిన ఆర్థర్ లూయిస్ 1954లో ఈ ఆలోచనను వెనుకబడిన దేశాలకు అన్వయించాడు. ముగ్గురు చేయగల పొలం పనిని ఒకే కుటుంబంలో ఐదుగురు పంచుకుంటున్నారనుకోండి. పైకి ఐదుగురూ పనిలో ఉన్నట్టే కనిపిస్తారు. ఇద్దరు తప్పుకున్నా పంట తగ్గదు. దీన్నే ప్రచ్ఛన్న నిరుద్యోగిత అంటారు. ఈ అదనపు శ్రామికులు తక్కువ వేతనానికే పరిశ్రమల్లో చేరతారనీ, పరిశ్రమల లాభం మళ్లీ పెట్టుబడిగా మారి మరికొంతమందికి పని ఇస్తుందనీ, కొంతకాలానికి పల్లెలో అదనపు శ్రమ మిగలదనీ లూయిస్ వాదించాడు. 1979లో ఆయన థియోడర్ షుల్ట్జ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. విచిత్రమేమిటంటే షుల్ట్జ్ ఆయనతో ఏకీభవించలేదు. పేదరైతు శ్రమను వృథా చేయడం లేదనీ, ఉన్న వనరులను నేర్పుగానే వాడుకుంటున్నాడనీ, అతనికి కావలసింది కొత్త విత్తనం, కొత్త పరిజ్ఞానం, చదువు అనీ షుల్ట్జ్ వాదన.

మరి వ్యవసాయం దేశాభివృద్ధికి ఏమిస్తుంది? 1961లో జాన్‌స్టన్, మెల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఐదు విషయాలు చెప్పారు. ఒకటి, పట్టణాలకు తిండి. రెండు, ఎగుమతుల ద్వారా విదేశీ మారకం. మూడు, పరిశ్రమలకు శ్రామికులు. నాలుగు, పెట్టుబడికి మిగులు. ఐదు, పరిశ్రమల సరుకుకు పల్లెల్లో గిరాకీ. ఈ ఐదింటినీ గుర్తుంచుకోండి. మన చరిత్రలో ఏది ఎప్పుడు జరిగిందో, ఏది జరగలేదో చూద్దాం.

వలస పాలనలో కదలని అంకె

పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి కోరమండల్ తీరపు నూలు బట్టలు అనేక దేశాలకు వెళ్లేవి. వాటి కోసమే డచ్చివారు, ఇంగ్లీషువారు ఆ రేవులో వర్తక స్థావరాలు పెట్టారు. ఆ బట్టల వెనుక నూలు వడికే ఆడవాళ్లు, నేసే సాలెలు, దేవాంగులు, అద్దకం పనివాళ్లు వేల సంఖ్యలో ఉండేవారు. అంటే నాటి పల్లెలో సేద్యంతో పాటు ఇతర వృత్తులూ ఉండేవి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ మిల్లుల నూలు, బట్ట దిగుమతి కావడంతో ముందుగా దెబ్బతిన్నది వడికే పని. నేతపని కూడా చాలాచోట్ల దెబ్బతింది.

ఎంతమంది వృత్తి కోల్పోయారు? ఈ ప్రశ్నపై చరిత్రకారుల మధ్య పెద్ద వాదమే నడిచింది. అమియ కుమార్ బాగ్చీ గంగా తీరంలోని బీహారు జిల్లాలను తీసుకుని, 1809-13 మధ్య బుకానన్ హామిల్టన్ చేసిన సర్వేను 1901 జనాభా లెక్కలతో పోల్చాడు. చేతివృత్తులు, పరిశ్రమలపై ఆధారపడిన జనాభా 18 శాతానికి పైగా ఉన్నది 9 శాతం లోపుకు పడిపోయిందని ఆయన తేల్చాడు. డేనియల్ థార్నర్ మాత్రం 1881 నుంచి 1931 వరకు జనాభా లెక్కలను పరిశీలించి, ఆ కాలంలో పెద్ద మార్పేమీ జరగలేదన్నాడు. ఇద్దరూ చూసిన కాలాలు వేరు, ఆధారాలు వేరు అని గమనించండి. వృత్తుల విధ్వంసం ఎక్కువగా జరిగి ఉంటే అది 1881కి ముందే జరిగి ఉండాలని రెండు వాదాలనూ కలిపి చదివితే అర్థమవుతుంది.

ఆ విధ్వంసం ఫలితం కరువుల్లో బయటపడింది. 1876-78 నాటి మహా కరువు మద్రాసు రాజధానిని, అందులోనూ రాయలసీమను అతలాకుతలం చేసింది. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. ఆ కరువు తర్వాత నియమించిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. అత్యధిక ప్రజలకు వ్యవసాయం తప్ప వేరే జీవనాధారం లేకపోవడమే ఈ దేశపు పేదరికానికి, కరువు ప్రమాదానికి ఒక మూలమని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఆ కమిషనే ఒప్పుకుంది. వాన లేకపోతే పంటతో పాటు పనీ పోతుంది. పని లేకపోతే బజారులో గింజలున్నా కొనలేరు.

కారణం తెలిసినా పరిస్థితి మారలేదు. 1850ల్లో బొంబాయిలో నూలు మిల్లులు, కలకత్తా దగ్గర జనపనార మిల్లులు మొదలయ్యాయి. కానీ దేశ జనాభాతో పోలిస్తే అవి ఇచ్చిన పని చాలా తక్కువ. 1901లో సుమారు 24 కోట్లుగా ఉన్న జనాభా 1951 నాటికి 36 కోట్లయింది. వ్యవసాయంలో ఉన్న శ్రామికుల వాటా మాత్రం ఆ యాభై ఏళ్లూ 70 శాతం దగ్గరే ఆగిపోయింది. వాటా మారకుండా జనం పెరిగారంటే అర్థమేమిటి? అదే నేలను మరింతమంది పంచుకున్నారని.

దేశమంతా ఒకే తీరుగా లేదు. మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రాంతాల్లో సేద్యం మీద ఆధారపడటం కొంత తగ్గింది. ఒరిస్సా, రాజస్థాన్, పంజాబ్‌లలో పెరిగింది. మన గోదావరి డెల్టాను తీసుకోండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అక్కడ వరి మిగులు వచ్చింది. ఆ మిగులు రైసు మిల్లులుగా, వ్యాపారంగా, కాలేజీ చదువులుగా, తర్వాతి కాలంలో సినిమా పెట్టుబడిగా మారింది. జాన్‌స్టన్, మెల్లర్ చెప్పిన నాలుగో విషయానికి ఇది మనకు దగ్గరి ఉదాహరణ. నీరు లేని మెట్ట ప్రాంతాలకు ఆ అవకాశం దక్కలేదు.

స్వాతంత్ర్యం తర్వాత

1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక సాగునీటికి, వ్యవసాయానికి ప్రాధాన్యం ఇచ్చింది. 1956లో మొదలైన రెండో ప్రణాళిక, మహలనోబిస్ ఆలోచన ప్రకారం ఉక్కు, యంత్రాలు వంటి భారీ పరిశ్రమల వైపు మళ్లింది. యంత్రాలు మనమే తయారు చేసుకుంటేనే ముందుముందు ఎవరి మీదా ఆధారపడకుండా ఎదగవచ్చన్నది దాని లక్ష్యం. ఆ లక్ష్యానికి బలమైన కారణాలే ఉన్నాయి. అయితే ఉక్కు కర్మాగారానికి పెట్టుబడి ఎక్కువ కావాలి, మనుషులు తక్కువ చాలు. ముందు తిండి, బట్ట వంటి నిత్యావసరాల ఉత్పత్తి పెంచితే ఎక్కువమందికి పని దొరుకుతుందని సి.ఎన్. వకీల్, పి.ఆర్. బ్రహ్మానంద అప్పుడే వాదించారు. వారి మాట చెల్లలేదు.

ఇంతలో తిండికే ఇబ్బంది వచ్చింది. 1965-66, 1966-67 సంవత్సరాల్లో వరుసగా వానలు దెబ్బతీశాయి. 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. అందులో ఎక్కువ భాగం పి.ఎల్. 480 కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమలు. ఆ ఏడాదే మెక్సికో నుంచి 18 వేల టన్నుల అధిక దిగుబడి గోధుమ విత్తనాలు తెప్పించారు. హరిత విప్లవం అలా మొదలైంది. షుల్ట్జ్ చెప్పినట్టే, కొత్త విత్తనం, నీరు, ఎరువు అందితే మన రైతు ఎంత పండించగలడో అది రుజువు చేసింది. ఐదు విషయాల్లో మొదటిదైన తిండి సమస్య క్రమంగా తీరింది.

మూడోదైన ఉపాధి మార్పు మాత్రం నెమ్మదిగానే సాగింది. వారసులు పెరిగే కొద్దీ కమతాలు ముక్కలయ్యాయి. 1970-71లో సగటు కమతం 2.28 హెక్టార్లు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు, అంటే రెండున్నర ఎకరాలకు కాస్త పైకి దిగింది. 86 శాతం కమతాలు చిన్న, ఉపాంత రైతులవే. 2011 జనాభా లెక్కల్లో 11.9 కోట్ల సాగుదారులు ఉంటే, వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు ఉన్నారు. పదేళ్ల ముందు 2001లో సాగుదారులే ఎక్కువ. రైతుల కంటే కూలీల సంఖ్య ఎక్కువైన మార్పు ఆ పదేళ్లలో జరిగింది.

ఇరుగు పొరుగు దేశాలు ఏం చేశాయి?

1963లో దక్షిణ కొరియాలో వంద మంది శ్రామికుల్లో 63 మంది వ్యవసాయంలోనే ఉండేవారు. అప్పటి మన పరిస్థితికి ఇది పెద్ద దూరం కాదు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఐదుగురే. చైనాలో 1978లో 70 మంది ఉండగా, 2020 తర్వాత నాలుగో వంతు కంటే తక్కువ మంది ఉన్నారు.

వారి విధానంలో మూడు అంశాలు గమనించదగ్గవి. మొదటిది భూమి. కొరియా, తైవాన్‌లు 1950 ప్రాంతంలో భూసంస్కరణలను గట్టిగా అమలు చేశాయి. కొరియాలో గరిష్ఠ పరిమితి మూడు హెక్టార్లు. మన రాష్ట్రాల్లో జమీందారీ రద్దయింది, భూ పరిమితి చట్టాలు వచ్చాయి, కానీ అమలు చాలాచోట్ల సగంలోనే ఆగింది. రెండోది చదువు. 1951లో మన అక్షరాస్యత 18 శాతం, ఆడవారిలో 9 శాతం లోపు. కొరియా ప్రాథమిక విద్యను ముందే అందరికీ అందించింది. అక్షరం వచ్చిన రైతుబిడ్డ ఫ్యాక్టరీ పనికి సులువుగా మారగలిగాడు. మూడోది పరిశ్రమల స్వభావం. బట్టలు, చెప్పులు, బొమ్మలు వంటి ఎక్కువ చేతులు కావలసిన వస్తువులను తయారుచేసి ఎగుమతి చేశారు. చైనాలో పల్లెలు, చిన్న పట్టణాల్లోని సంస్థలే 1978లో సుమారు 2.8 కోట్ల మందికి పని ఇస్తే, 1996 నాటికి 13.5 కోట్ల మందికి ఇచ్చాయి. పని పల్లె దగ్గరికే వచ్చింది. మన పక్కనున్న బంగ్లాదేశ్‌లోనూ దుస్తుల పరిశ్రమ లక్షలాది గ్రామీణ మహిళలకు మొదటి జీతాన్ని ఇచ్చింది.

ఆ దేశాల్లో అంతా సవ్యంగా జరిగిందని అనుకోకండి. అక్కడ ఫ్యాక్టరీ కార్మికులు చాలాకాలం ఎక్కువ గంటలు, తక్కువ హక్కులతో పనిచేశారు. మనం నేర్చుకోవలసింది ఒకటే. పొలం వదిలిన మనిషికి వేరేచోట నిలకడైన పని ఎదురుచూస్తూ ఉండాలి.

1991 తర్వాత మన దారి

1991 సంస్కరణల తర్వాత మన ఆదాయంలో వేగంగా పెరిగింది సేవారంగం. హైదరాబాద్, బెంగళూరు ఐ.టి. కంపెనీలు మీకు తెలిసినవే. ఆ పరిశ్రమ నేరుగా పని ఇస్తున్నది సుమారు 50 లక్షల మందికి. ఇది దేశ శ్రామికుల్లో వందకు ఒకరు కూడా కాదు. వస్తు తయారీ పరిశ్రమల్లో ఉన్నవారు వందకు 11, 12 మంది. ఫిషర్, క్లార్క్ చెప్పిన క్రమంలో రెండో మెట్టు మనకు ఇరుకుగా ఉండిపోయింది.

అయినా 2004-05 నుంచి 2011-12 మధ్య ఒక కొత్త సంగతి జరిగింది. అప్పటిదాకా వ్యవసాయంలో ఉన్నవారి వాటా తగ్గినా సంఖ్య పెరుగుతూనే వచ్చింది. ఆ ఏడేళ్లలో సంఖ్యే మూడు కోట్లకు పైగా తగ్గిందని జాతీయ నమూనా సర్వేలు చూపాయి. వారు ఎక్కడికి వెళ్లారు? ఎక్కువమంది భవన నిర్మాణ పనుల్లోకి. మేస్త్రీ చేతిలో బయానా తీసుకుని దూరదేశాల ఆనకట్టలకు, కాలువలకు వెళ్లిన పాలమూరు కూలీల కథ తెలుగువారికి కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి కథా అంతే. ఈ వలసలో మనిషి ఊరు పూర్తిగా వదలడు. పని ఉన్నన్నాళ్లు అక్కడ, లేనప్పుడు ఇంటి దగ్గర.

రైతు కుటుంబాల ఆదాయంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. 2012-13 సర్వేలో సగటు రైతు కుటుంబానికి నెలకు 6,426 రూపాయలు వస్తే, పంటల నుంచి 3,081, కూలి వేతనాల నుంచి 2,071 రూపాయలు వచ్చాయి. 2018-19 సర్వేలో మొత్తం 10,218 రూపాయల్లో వేతనాల వాటా 4,063, పంటల వాటా 3,798. అంటే రైతు అనిపించుకునే కుటుంబమే పంట కంటే కూలి మీద ఎక్కువ సంపాదిస్తోంది. 2003లోనే జరిగిన మరో సర్వేలో, వీలుంటే సేద్యం మానేస్తామని సుమారు 40 శాతం రైతులు చెప్పారు.

మగవారు వలస పోతే పొలం ఎవరు చూస్తారు? 2023-24 సర్వే ప్రకారం పనిచేసే మహిళల్లో 64 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. మగవారిలో ఇది 36 శాతం. నాట్లు, కలుపు, పాడి వారి చేతిలోనే ఉన్నా, పట్టాదారు పాసుపుస్తకం చాలావరకు మగవారి పేరనే ఉంటుంది. పాసుపుస్తకం లేకపోతే బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందడం కష్టం.

2020 చెప్పిన పాఠం

పనిలేని కాలంలో పల్లెకు ఆసరాగా 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనికి అది హామీ ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకాన్ని ప్రారంభించారు. దాని విలువ 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించినప్పుడు దేశానికి బాగా తెలిసింది. నగరాల్లో పని ఆగగానే లక్షలాది మంది నడిచి ఊళ్లకు చేరారు. 2020-21లో ఏడున్నర కోట్ల కుటుంబాలు ఉపాధి హామీ పనికి వచ్చాయి. 2018-19లో 42.5 శాతానికి దిగిన వ్యవసాయ శ్రామికుల వాటా 2020-21లో 46.5 శాతానికి పెరిగింది. దశాబ్దాల పాటు తగ్గుతూ వచ్చిన అంకె వెనక్కి తిరిగింది.

ఎందుకు తిరిగింది? ఆ రెండేళ్లలో పొలంలో కొత్త పని పుట్టలేదు. నగరంలో వారికి నియామకపత్రం లేదు, భవిష్యనిధి లేదు, సొంత ఇల్లు లేదు. పని పోతే తిండి పెట్టేది ఊళ్లోని ఎకరం, అరెకరమే. 1880 కమిషన్ చూసిన భారతదేశంలో జనం పొలాన్ని అంటిపెట్టుకున్నది వేరే పని లేక. ఇవాళ చాలామంది అంటిపెట్టుకున్నది వేరే పనికి భరోసా లేక. మన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. చిన్న రైతుకు పొలం ఆదాయ వనరుగా ఎంత చిన్నదైనా, బీమాగా చాలా పెద్దది. ఆ బీమాను ఇంకెవరైనా ఇచ్చేదాకా అతను దాన్ని వదులుకోడు. అది అతని అజ్ఞానం కాదు, అనుభవం.

కనుక వ్యవసాయమా, పరిశ్రమా అని ఒకటి ఎంచుకోమనడం సరైన ప్రశ్న కాదు. పాడి, చేపలు, పండ్లు, కూరగాయల వంటి ఎక్కువ రాబడి ఇచ్చే సేద్యం పెరగాలి. వాటిని నిల్వచేసే, శుద్ధిచేసే పని ఊరికి దగ్గర్లోనే రావాలి. పల్లె బడిలో చదివిన బిడ్డకు నైపుణ్యం అందాలి. నగరంలో కూలి చేసేవారికి రేషను, వైద్యం, పింఛను వారి వెంట నడవాలి. అప్పుడే సేద్యంలో ఉండేవారు ఇష్టంగా ఉంటారు, వెళ్లేవారు ధైర్యంగా వెళతారు.

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ తాతయ్య, అమ్మానాన్నలు, మీ అన్నయ్య లేదా అక్కయ్య చేసిన పనులను ఒక పట్టికలో రాయండి. ఏ తరంలో ఏ రంగం నుంచి ఏ రంగానికి మారారు? ఆ మార్పుకు తోడ్పడింది చదువా, నీరా, వలసా?

2. 1971 జనాభా లెక్కల్లో పని అనే మాటకు నిర్వచనం మార్చడంతో పనిచేసే మహిళల సంఖ్య 1961 కంటే బాగా తగ్గినట్టు నమోదైంది. మీ ఇంట్లో ఆడవారు ఒక రోజులో చేసే పనులన్నీ రాసి, వాటిలో ఏవి లెక్కలోకి వస్తాయో, ఏవి రావో చర్చించండి.

3. బాగ్చీ, థార్నర్‌ల వాదాల్లో తేడా ఎక్కడ వచ్చింది? ఒకే ప్రశ్నకు వేర్వేరు ఆధారాలు వేర్వేరు జవాబులు ఇచ్చినప్పుడు చరిత్ర విద్యార్థి ఏం చేయాలి?

4. మీ మండలంలో ఎక్కువమందికి పని ఇవ్వగల ఒక చిన్న పరిశ్రమను సూచించండి. దానికి ముడిసరుకు ఏ పంట నుంచి వస్తుంది?